చేపకి చేపే మేత

కందుఫుషి దీవి
ఈశాన్య గాలి మొదలైన వారం

మరిది జుబైర్‌కి వదిన సన్ఫా సలాం.

నువ్వు క్షేమంగా ఉన్నావని సరుకు పడవ వాళ్ళు చెప్పారు. నువ్వెలాగూ రాయవు, దారినపోయేవాళ్ళని అడిగి తెలుసుకోవాల్సిందే. మేం ఎలా ఉన్నామంటావా, డబ్బాలో చేప తింటున్నాం. నవ్వకు. ఎటు చూసినా నీళ్ళే. మీ అన్న ఈ దీవిలోకెల్లా పేరున్న సరంగు. ఆ ఇంట్లో నిన్న మధ్యాహ్నం రొట్టెలోకి దుకాణంలో కొన్న డబ్బా చేప! దాని మీద ఏ దేశం పేరుందో నాకు చదవడం రాలేదు. మీ అన్న ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చచ్చి ఎన్నేళ్ళయింది?" అనడిగి, ఉత్త రొట్టె తిని లేచిపోయాడు.

ఎందుకింత దరిద్రమంటే విను. పట్టిన తూర చేపంతా నడి సముద్రంలోనే కంపెనీ కొనుగోలు ఓడకి వేసేస్తారు. ఒడ్డుకి ఒక్క తోక రాదు. పోనీ ఆ కొనేదైనా సవ్యంగా కొంటారా? పోయిన వారం ఓడ నిండిపోయింది, పక్క ఓడ దగ్గరికి పొమ్మన్నారట. అక్కడికి పోతే మన పడవకి ముందు వరసలో బోలెడు పడవలు. ఐసు వేసి దాచుకుందామంటే ఐసు ఫ్యాక్టరీలో మిషను చెడిపోయింది. బాగుచేసేవాడు రాజధాని మాలే నుంచి రావాలి. వాడి ప్రయాణం కాగితం మీద ఎవరో సంతకం పెట్టాలి. ఆ పెట్టేవాడు హజ్‌కి పోయాడు. ఈలోగా చేప మెత్తబడిపోయింది. బుట్టలకి బుట్టలు మళ్ళీ సముద్రంలోనే పోసి వచ్చారు. "మెత్తబడకముందే తెచ్చి మా మొహాన కొట్టొచ్చుగా, ఉడకబెట్టి ఎండేసుకునేవాళ్ళం" అన్నాను. "ఓడ పిలుస్తుందేమోనని చూశా" అన్నాడు మీ అన్న. ఓడేమన్నా అత్తగారిల్లా, పిలుపు కోసం చూడ్డానికి?

ఇప్పుడు అసలు సంగతి. మన పగడపు దిబ్బ లోపలి మడుగులో ఎర దొరకడం లేదు. నువ్వు ఈత నేర్చుకున్న మడుగే. బతికున్న చిన్న చేప తొట్టిలో లేకుండా తూర మీదికి పోయి ఏం చెయ్యాలి, గడ గేలాలు పట్టుకుని పాటలు పాడుకోవాలా? మీ వేలిఫారు వైపు నుంచి ఒక పడవ వచ్చి, దీపాలు పెట్టి, మొత్తం ఊడ్చుకుపోతోందని పక్కింటి దలేకా మొగుడు చూశాడట. నువ్వు పెంచే బొంత చేపల కోసమేనా అది? సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. మీ అన్న అడగడు. నువ్వు ఆయన పడవ దిగి ఆ కొలువుకి పోయినప్పటి నుంచి ఎవరైనా నీ పేరెత్తితే లేచి వెళ్ళి ఇంజను తుడుస్తాడు. అంత మెరిసే ఇంజను ఈ దేశంలో ఇంకోటి లేదు.

నీ వదిన

* * *

వేలిఫారు

వదినా, సలాం.

ఉత్తరం అందింది. నవ్వొద్దన్నావు గానీ నవ్వాను.

నాకిక్కడ బాగుంది. నీలం డ్రమ్ముల మీద వల బోన్లు తేలుతుంటాయి, బోనులో బొంతలు. హాంకాంగ్ నుంచి కొనేవాళ్ళొస్తారు. వాళ్ళకి బతికున్న చేపే కావాలి, పొయ్యి దగ్గర దాకా మొప్పలు ఆడుతుండాలి. ఒక్కో దానికి వాళ్ళిచ్చే ధర వింటే నీకు కళ్ళు తిరుగుతాయి. అన్నకి చెప్పు వదినా, వెంటబడి పట్టే కాలం పోయింది, ఎదురుగా పెట్టుకుని పెంచే కాలమొచ్చింది. పోయిన నెల మాలే నుంచి పెద్దలొచ్చి, దేశమంతా ఇలాగే చెయ్యాలని మాట్లాడి, ఫోటోలు దిగి వెళ్ళారు. పేపర్లో పడింది. చివర్న కనబడే సగం చెయ్యి నాది.

ఇంకో మాట. ఇక్కడ పడవ నడిపే మనిషి కావాలి. నెల జీతం. గాలి ఉన్నా లేకపోయినా జీతం. అన్న ఊ అంటే యజమానితో మాట్లాడతాను.

దలేకా మొగుడి చూపు మనకి కొత్తా? కొట్టుకొచ్చిన కొబ్బరి మానుని తిమింగలమని దీవినంతా ఒడ్డుకి పరిగెత్తించిన మనిషి.

కాస్త రిహాకురు పంపు. చేప నీళ్ళని అంత చిక్కగా, నల్లగా మరిగించడం ఇక్కడి వంటవాడి తాతకి కూడా రాదు.

జుబైర్

* * *

కందుఫుషి

జుబైర్,

అన్నీ రాశావు, అడిగింది తప్ప.

సరే, ఇంకోలా అడుగుతా. ఆ బొంత పిల్లల్ని మీరు గుడ్లు పొదిగించి పుట్టిస్తున్నారా? కాదట కదా. దిబ్బల్లో తిరిగే పిల్లల్ని పట్టి బోన్లో వేస్తున్నారట కదా. పక్కింటి కోడిపిల్లల్ని ఎత్తుకొచ్చి మన గంప కింద మూసిపెట్టి, దానికి కోళ్ళ పెంపకమని పేరు పెడితే పెద్దలొచ్చి ఫోటో దిగుతారా? సరే, మూశారు. ఏం తింటున్నాయవి? గడ్డి తింటున్నాయా?

నీ కొలువు మాట మీ అన్నకి చెప్పాను. వల కుడుతున్నాడు, తల ఎత్తలేదు.

"గాలి ఉన్నా లేకపోయినా జీతమా?"

"అవునట."

"అయితే గాలి ఎటుందో వాడికి చూసుకోనక్కర్లేదన్నమాట."

లేచాడు. ఇంజను దగ్గరికి పోయాడు.

పడవలో మనుషులు తగ్గిపోతున్నారు. ఎర కోసం రెండేసి రోజులు దిబ్బలన్నీ తిరిగి ఖాళీ చేతులతో వస్తుంటే ఎవరుంటారు? మన పడవలో గేలం వేసే కుర్రాడు నిషాన్ కూడా రిసార్టుకి పోయాడు. ఈద్ పండక్కి వచ్చాడు, తెల్ల చొక్కా, జుట్టుకి నూనె. టూరిస్టుల ముందు వంగి చేప వడ్డిస్తాడట. "ఎవరి పడవ చేపరా?" అంటే, "మనది కాదు పిన్నీ, విమానంలో వస్తుంది, గులాబి రంగులో ఉంటుంది" అన్నాడు. చేపలు విమానమెక్కుతున్నాయి, మన ఐసు మిషను బాగుచేసేవాడికి మాత్రం టికెట్టు లేదు.

రిహాకురు పంపను. దానికి చేప నీళ్ళు కావాలి. డబ్బా చేప ఉడకబెట్టి పంపమంటావా?

వదిన

* * *

వేలిఫారు

వదినా, అరవకు. చెబుతున్నా.

మొదలుపెట్టినప్పుడు సంచుల్లో మేత వస్తుందన్నారు. ఒక్కసారి వచ్చింది. దారిలో తడిసి, విప్పేసరికి బూజు పట్టి గబ్బు కొడుతోంది. ఆ తర్వాత అదీ లేదు. రేడియోలో యజమానితో మొత్తుకుంటే "సర్దుకో" అంటాడు. నేను సర్దుకోగలను వదినా, బొంత సర్దుకోదు. దానికి ఆకలేస్తే పక్కన ఉన్నదాన్ని మింగుతుంది. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని తోక వేలాడుతుంటే, మింగలేక, కక్కలేక రెండూ చచ్చి తేలుతున్నాయి. తీసి పారెయ్యడమే నాకు రోజూ పొద్దుటి పని.

అందుకని ఒక పడవవాడు చిన్న చేప తెచ్చి పోస్తున్నాడు. బొంత కాస్త ఒళ్ళు చెయ్యాలంటే దాని బరువుకి ఎన్నో రెట్లు పొయ్యాలి. ఎక్కడ పట్టుకొస్తున్నావని నేనతన్ని అడగలేదు. ఇప్పుడు నువ్వు నన్ను అడుగుతుంటే తెలుస్తోంది, ఎందుకు అడగలేదో.

హాంకాంగ్ వాళ్ళు వస్తామన్న నెల దాటిపోయింది. ఇంకా పెరగాలట. పెరగాలంటే తినాలి. తినాలంటే... ఇదీ సంగతి.

అన్నకి చెప్పకు. బతిమాలుకుంటున్నా. పడవ దిగే రోజు ఆయనతో పెద్ద పెద్ద మాటలన్నాను. అవన్నీ ఇప్పుడు ఆయన నోటితో వినలేను.

జుబైర్

* * *

కందుఫుషి

చెప్పేశాను.

చెప్పకేం చెయ్యను? ఆయనకి చెప్పొద్దని నువ్వు, నీకు చెప్పొద్దని ఆయన. నా కడుపేమన్నా కోల్డ్ స్టోరేజీనా, మీ ఇద్దరూ పడేసినవన్నీ దాచిపెట్టడానికి?

ఆయన నీకు చెప్పొద్దన్నది ఇది. పడవ అమ్మేస్తున్నాడు. రిసార్టు వాళ్ళు అడుగుతున్నారు. టూరిస్టులని ఎక్కించుకుని సూర్యుడు మునగడం చూపించడానికట. మన ఒడ్డున కూచుంటే ఊరికే కనబడుతుంది కదా అది! అమ్మాక ఏం చేస్తావంటే లేచి ఇంజను దగ్గరికి పోతాడు. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు నా నడుం దాకా కూడా లేవు. మీ నాన్న ఆ పడవకి మాను కోయిస్తున్నాడు. నాకన్నీ గుర్తే.

నీ సంగతి విని పడవలో డీజిలు పోయించాడు. మీ వైపు వస్తున్నాడు. ఈ ఉత్తరం తెస్తున్నది కూడా ఆయనే. ఏం రాశావని అడిగితే, కూర ఎలా వండాలో రాశానన్నా.

తిట్టుకుంటే తిట్టుకోండి, కొట్టుకుంటే కొట్టుకోండి. ముందు మాత్రం అన్నం పెట్టు. దారిలో ఏమీ తినడు.

వదిన

* * *

వేలిఫారు

వదినా,

నువ్వు పంపిన తుపాను వచ్చి వెళ్ళింది.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక పడవ కట్టాడు. సలాం చెబితే తలాడించాడు. "చూపించు" అన్నాడు. నీళ్ళపై పరిచిన చెక్క బల్లల మీద నడుచుకుంటూ బోన్ల దగ్గరికి తీసుకుపోయాను. మనిషి నీడ పడగానే బొంతలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నా మేత పడవవాడు నాలుగు రోజులుగా రాలేదు. ఇంజను పోయిందట, నిజమో అబద్ధమో.

అన్న వంగి చాలాసేపు చూశాడు. నేను లోపల నా మాటలన్నీ సిద్ధం చేసుకుంటున్నా. నువ్వు పాత కాలం మనిషివి, నీకు తెలీదు, ఇలాంటివి. ఒక్కటీ వాడే అవకాశమివ్వలేదు.

"పెట్టి ఎన్నాళ్ళయింది వీటికి?"

చెప్పాను.

పడవ వైపు తిరిగి, "తొట్టి మూత తియ్యండిరా" అన్నాడు. పొద్దుటి నుంచీ దక్షిణాన ఎక్కడో దిబ్బలు గాలించి పట్టిన ఎర, తొట్టి నిండా మెరుస్తోంది. పడవలో ముసలాయన కలో ఉన్నాడు కదా, అతను లబోదిబోమన్నాడు. "సరంగూ, రేపటికి మనకో?"

"రేపటి సంగతి రేపు."

బకెట్లతో తోడి బోన్లలో పోశారు. నేను అడ్డం పడ్డాను. "అన్నా, ఇది నీ ఎర."

"కనబడుతోంది."

"ఒద్దన్నా, నీకు దొరక్క దొరక్క దొరికింది."

"మూసిపెట్టినవాడు మేపాలి. మేపలేనివాడు మూసిపెట్టకూడదు," అన్నాడు. అంతే. ఆ తర్వాత నన్నొక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

అన్నం తిన్నాడు. చేపలో ఉప్పెక్కువైందన్నాడు. పడవ అమ్ముతున్నావా అనడిగితే నా వైపు చూసి, "కూర గురించి రాశానందే?" అన్నాడు.

జుబైర్

* * *

కందుఫుషి

నిలదీసి రమ్మని పంపితే మేపి వస్తాడా మనిషి!

తిరిగొచ్చేటప్పుడు తూర మంద నీళ్ళు మరిగినట్టు లేచిందట. మన దీవి చుట్టుపక్కల ఈ గాలికాలంలో అంత మంద లేవలేదు. ఉన్న నాలుగు పడవలూ మునిగేంత నింపుకున్నాయి. మనవాళ్ళు ఖాళీ తొట్టి పెట్టుకుని చూస్తూ కూచున్నారు. కలో ఇంటికొచ్చి నా ముందు ఏడ్చినంత పని చేశాడు. మీ అన్నని అడిగితే "ఆకలి మొహాలు చూశాక ఎలా వస్తాను?" అంటాడు. నా మొహం ఏ మొహంలా కనబడుతోంది ఆయనకి?

మీ ఇద్దరినీ కన్న తల్లి పుణ్యాత్మురాలు, త్వరగా వెళ్ళిపోయింది.

రిసార్టు మనిషి వచ్చే వారం వస్తాడు.

వదిన

* * *

వేలిఫారు

వదినా,

బోన్లు మూసేశారు. నిజానికి నేనే తెరిచాను.

యజమాని రేడియోలో పిలిచాడు. హాంకాంగ్ వాళ్ళు వేరే దేశంలో చవగ్గా దొరికాయని అటు పోయారట. "మంచిదే అయింది, ఇప్పుడంతా సముద్ర దోసకాయల మీద ఉంది జుబైర్. మేత కూడా అడగవు, జలగల్లా ఇసకలో పడుంటాయి" అన్నాడు, పండగ కబురు చెప్పినట్టు. దక్షిణపు దీవుల్లో మడుగు ఒకటి రాయించుకున్నాడట. నన్ను అక్కడికి రమ్మన్నాడు. అదే జీతం. పెద్దలొస్తారు, మళ్ళీ ఫోటోలు.

"మరి ఈ చేపలు?" అన్నాను.

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు. "నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో."

వలలు విప్పేశాను. ఒక్కటీ పోలేదు వదినా. వల లేదు, అడ్డం లేదు, అయినా అదే గుండ్రంలో తిరుగుతున్నాయి. పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తెడ్డు పెట్టి నీళ్ళు బాదాను. పొండి, దిబ్బ అక్కడే ఉంది, మీరు పుట్టిన చోటే అది, పొమ్మని పిచ్చివాడిలా అరిచాను. చెదిరి, మళ్ళీ వచ్చాయి. చివరికి నీళ్ళలోకి దూకి వాటి మధ్య ఈదుకుంటూ తరిమాను. సగం పైగా లోతుకి దిగాయి. మిగిలినవి ఇప్పుడు కూడా బల్లల కిందే ఉన్నాయి. నా అడుగుల చప్పుడు వినబడితే వస్తున్నాయి. అందుకని అటు నడవడం మానేశాను.

దోసకాయల కొలువుకి వారంలోగా జవాబు చెప్పాలి.

పడవ అమ్మేశారా? గడ గేలం వెయ్యడం నాకు ఏనాడూ సరిగా రాలేదు, అన్నకి తెలుసు. ఎర చల్లడం వచ్చు. ఇది ఆయనకి చెప్పమని కాదు. చెప్పొద్దని కూడా కాదు.

జుబైర్

* * *

కందుఫుషి

జుబైర్,

చేతులు ఖాళీ లేవు. అయినా రాస్తున్నా, లేకపోతే నువ్వు ఆ దోసకాయల్లోకి పోయి పడతావు.

రిసార్టు మనిషి వచ్చాడు. పడవలోకి దిగి ముక్కు మూసుకున్నాడు. "ఈ వాసన పోతుందా?" అన్నాడు. "నాకే వాసనా రావడం లేదే" అన్నాడు మీ అన్న. ఎర తొట్టి పీకేసి మెత్తలు వేయిస్తామన్నాడతను. మీ అన్న దానికీ సరేనన్నాడు. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. నేను వంటింట్లో నిలబడి వింటున్నా. నా ఒళ్ళు మండిపోయింది.

అతను వెళ్ళాక బయటికొచ్చాను. "అమ్ముకో. మీ నాన్న పడవ, నీ ఇష్టం. కానీ ఈ ఆఖరిసారి పట్టింది ఓడకి వెయ్యకు, నాకు వెయ్యి."

"నువ్వు కొంటావా?"

"కొంటా. ఏం, నీ ఓడలాగా నేను వరసలో నిలబెడతానా? రేపు రమ్మంటానా?"

"అంత చేప ఏం చేస్తావే?"

"మా అమ్మ ఏం చేసిందో, మీ అమ్మ ఏం చేసిందో అదే చేస్తా. నువ్వు తెచ్చి చూడు ముందు."

నవ్వాడనుకుంటా. మొహం అటు తిప్పుకున్నాడు, తెలీలేదు.

మర్నాడు ముసలాళ్ళనందరినీ పోగేసుకుని పోయాడు. కలో, దలేకా మొగుడు, పళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు. మన మడుగులోనే కాస్త ఎర దొరికింది. ఎక్కువ కాదు. ఆ దీపాల పడవ రావడం మానేసింది కదా. మధ్యాహ్నానికి పడవ ఒడ్డుకి వచ్చింది జుబైర్, అంచుదాకా తూర. ఎన్నేళ్ళయిందో ఒడ్డున చేప కుప్ప చూసి. దలేకా కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెనకే దీవిలో ఆడవాళ్ళంతా. కొందరు కోత మర్చిపోయారు, నేర్చుకోని కోడళ్ళు వేళ్ళు కోసుకున్నారు, తిట్లు, నవ్వులు, పొగ. మగవాళ్ళు ఒడ్డున తాడు కుర్చీల్లో కూచుని ఏదో వింత చూస్తున్నట్టు చూశారు. ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టాం, పొగ పట్టించాం, ఇప్పుడు ఎండలో ఆరుతున్నాయి. కాకుల్ని తోలడానికే ఒక మనిషి కావాలి. కొలంబో పోయే వర్తకుడి పడవ మొన్న ఇటు వచ్చింది. ఒక ముక్క విరిచి, కొరికి, "ఇలాంటి ఎండు చేప అక్కడ కళ్ళకద్దుకుంటారు, ఎంతుంటే అంత తీసుకుంటా" అన్నాడు. ఐసు ఉందా అని అడగలేదు.

ఆదివారం రిసార్టు మనిషి వచ్చేసరికి మీ అన్న ఒడ్డున చేప ముక్కలు తిరగేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఇంకో నెల చూద్దాం" అన్నాడు. నెలే అన్నాడు. ఆ మాటకి గంతులేసేంత వెర్రిదాన్ని కాను. వచ్చే నెల ఎర దొరుకుతుందో లేదో, వర్తకుడు వస్తాడో రాడో, ఆ ముసలాళ్ళలో ఎవరి నడుం పడిపోతుందో. పైవాళ్ళు ఇంకేం కొత్తది కనిపెట్టి మన మడుగు మీద పడతారో, అదీ తెలీదు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, మొత్తం. ఆ చేపలు పోలేదన్న చోట ఆపమన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ చదవమన్నాడు. చివరిదాకా విన్నాడు.

"ఎర చల్లడం వాడికి వచ్చు. అది మాత్రం వచ్చు," అన్నాడు.

"అయితే రమ్మని రాయనా?"

"రమ్మని నేను పిలవను. పోయినవాడు వాడు."

అన్నదమ్ములిద్దరికీ ఒకే తాటితో తల చుట్టి ఏ స్తంభానికో కట్టెయ్యాలి. ఇంతకన్నా నా వల్ల కాదు. విను, శనివారం పొద్దున్న మన పడవ దక్షిణపు దిబ్బలకి పోతూ మీ వేలిఫారు పక్కనుంచి వెళుతుంది. ఆపడట. ముందే చెప్పమన్నాడు, ఆపనని. మీ బల్లల దగ్గర మటుకు కాస్త నెమ్మదిగా పోనిస్తాడట. నువ్వే దూకి ఎక్కాలి.

వదిన